ఎనిమిది పెట్టెలో, మూడు పెట్టె బయట

క్రాఫ్ట్‌వెర్క్ అనే జర్మన్ బృందం 2009 చివర్లో ‘ది కేటలాగ్’ అనే పేరుతో ఒక బాక్స్ సెట్ విడుదల చేసింది. మొత్తం ఎనిమిది ఆల్బములు, ఎనిమిదీ రీమాస్టర్ చేసినవే. ఆటోబాన్ (1974), రేడియో-యాక్టివిటీ (1975), ట్రాన్స్-యూరప్ ఎక్స్‌ప్రెస్ (1977), ద మ్యాన్-మెషీన్ (1978), కంప్యూటర్ వరల్డ్ (1981), టెక్నో పాప్ (1986), ద మిక్స్ (1991), టూర్ డి ఫ్రాన్స్ (2003). కేటలాగ్ అంటే ఉన్నవన్నీ వరసగా రాసిన జాబితా. కాబట్టి పెట్టె మీద ఆ పేరు చూసిన ఎవరైనా ఈ బృందం చేసినవన్నీ ఇవే కాబోలు అనుకుంటారు. కానీ కాదు. 1970 నుంచి 1973 మధ్యలో వాళ్ళు ఇంకో మూడు ఆల్బములు చేశారు. అవి ఈ పెట్టెలో లేవు. వాటి మానాన వాటికి కూడా అధికారికంగా సీడీ భాగ్యం కలగలేదు. దొరికేవన్నీ దొంగ సీడీలే.

క్రాఫ్ట్‌వెర్క్ గొప్పతనం గురించి ఇంగ్లీషులో కుప్పలు తెప్పలుగా రాసేశారు, మళ్ళీ నేను రాయక్కర్లేదు. నా బాధ వేరే. పాత సంగీతాన్ని దుమ్ము దులిపి, మెరుగుపెట్టి, అందమైన పెట్టెలో పెట్టి మళ్ళీ అమ్మేటప్పుడు ఏది ఉండాలి, ఏది పోవాలి, ఎవరి పేరు కనపడాలి అన్నది ఎవరు తేలుస్తారు? మనం సాఫ్ట్‌వేర్ వాళ్ళం కదా, రోజూ వెర్షన్ కంట్రోల్‌తోనే కాపురం. పాత కమిట్లు మాయం చేసి ఫోర్స్ పుష్ చేస్తే ఏమవుతుందో మనకి వేరే చెప్పక్కర్లేదు. సంగీతంలో కూడా అచ్చం అదే జరుగుతుంది. కాకపోతే అక్కడ ఎవరూ గొడవ పెట్టుకోరు, పైగా డబ్బులిచ్చి కొనుక్కుంటారు :)

ముందుగా రీమాస్టర్ అంటే ఏంటో చూద్దాం. స్టూడియోలో ఒక్కో వాయిద్యాన్నీ ఒక్కో ట్రాకులో విడివిడిగా ఎక్కించే పెద్ద టేపు ఉంటుంది. అది సోర్స్ కోడ్ అనుకోండి. ఆ ట్రాకులన్నిటినీ కలిపి, దేన్ని పెంచాలో దేన్ని తగ్గించాలో చూసుకుని, చివరికి ఎడమ కుడి రెండే ట్రాకులుగా దించడం మిక్సింగు. అంటే కంపైల్ చెయ్యడం. అలా వచ్చిన రెండు ట్రాకుల టేపుని ఎల్పీకో, క్యాసెట్టుకో, సీడీకో సరిపడేలా సర్దడం మాస్టరింగు. అది డిప్లాయ్‌మెంటు లాంటిది. ఎల్పీకి దాని ఇబ్బందులు దానికున్నాయి. బేస్ మరీ ఎక్కువైతే సూది నడిచే గాడి వెడల్పవుతుంది. ఒకే వైపు ఇరవై నిమిషాలు దాటి ఎక్కించాలంటే గాడులు ఇరుకు చెయ్యాలి, దాంతో శబ్దం తగ్గించాల్సి వస్తుంది. సీడీకి ఈ బాధలు లేవు. అందుకని పాత టేపు బయటికి తీసి, కొత్త మాధ్యమానికి తగ్గట్టు మళ్ళీ సర్దుతారు. అదే రీమాస్టర్. సోర్సుని ముట్టుకోకుండా, బైనరీనే కొత్త సర్వరుకి సరిపెట్టడం అన్నమాట. అసలు ట్రాకుల దగ్గర్నుంచి మొదలుపెట్టి మళ్ళీ కలిపితే దాన్ని రీమిక్స్ అంటారు.

వినడానికి ఇదంతా అమాయకమైన పనిలాగే ఉంటుంది. కానీ సర్దే మనిషి చేతిలో చాలా ఉంది. టేపు మీద సన్నగా వినపడే హిస్ తీసేస్తే, దానితోపాటు పైస్థాయి శబ్దాల్లో కొంత గాలి కూడా పోతుంది. నెమ్మదైన చోటునీ గట్టి చోటునీ దగ్గరికి తెచ్చి అంతా గట్టిగా వినిపించేలా చేస్తే కారులో బాగుంటుంది గానీ పాటలో ఎత్తుపల్లాలు చచ్చిపోతాయి. 1990ల నుంచి సీడీలన్నీ ఒకదాన్ని మించి ఒకటి గట్టిగా అరవడం మొదలుపెట్టాక దీనికి ‘లౌడ్‌నెస్ వార్’ అని పేరే పడిపోయింది.

డెబ్భైల ఎలక్ట్రానిక్ సంగీతానికైతే ఇంకో చిక్కుంది. అప్పటి సింథసైజర్లకి మెమరీ లేదు. మూగ్ కంపెనీ వాళ్ళ మాడ్యులర్ యంత్రం పాతకాలం టెలిఫోను ఎక్స్ఛేంజిలా ఉంటుంది. ఒక పెట్టెలోంచి ఇంకో పెట్టెలోకి వైర్లు గుచ్చుకుంటూ పోవాలి. ఒక ఆసిలేటర్‌కి ఎంత వోల్టేజి ఇస్తే అంత శ్రుతి. ఒక వోల్టు పెంచితే స్వరం ఒక స్థాయి పైకి వెళ్తుంది, అంటే మంద్ర షడ్జమం నుంచి మధ్య షడ్జమానికన్నమాట. గది వేడెక్కితే శ్రుతి జారిపోతుంది. ఈరోజు కష్టపడి ఒక ధ్వని తయారు చేశామనుకోండి, దాన్ని సేవ్ చేసుకునే మార్గం లేదు. నాబ్‌లు ఎక్కడెక్కడ ఉన్నాయో కాగితం మీద గీసుకోవాలి, రేపు మళ్ళీ అలాగే తిప్పినా అచ్చంగా అదే వస్తుందని భరోసా లేదు. 1970ల మొదట్లో వచ్చిన మినీమూగ్‌లో వైర్ల గొడవ తప్పింది గానీ సేవ్ బటన్ మాత్రం అందులోనూ లేదు. పైగా ఒకసారికి ఒక్క స్వరమే పలికేది. వీణా వయొలిన్ అయితే రాసి పెట్టుకున్న కృతిని ఇంకొకరు ఇంకో వందేళ్ళకైనా వాయించగలరు. ఈ సంగీతానికి అలాంటి ప్రతి లేదు. టేపే ఏకైక ప్రతి. టేపు పోయిందా, అంతే సంగతులు.

ఇప్పుడు పెట్టెలో లేని మూడింటి దగ్గరికి వద్దాం. రాల్ఫ్ హ్యూటర్, ఫ్లోరియాన్ ష్నైడర్ ఇద్దరూ సంగీతం చదువుకునే రోజుల్లో కలిసిన స్నేహితులు. 1970లో డ్యుసెల్‌డార్ఫ్‌లో క్రాఫ్ట్‌వెర్క్ మొదలుపెట్టారు. ఆ మాటకి విద్యుత్ కేంద్రం అని అర్థం. మొదటి ఆల్బం పేరు కూడా అదే, అట్ట మీద రోడ్డు పనుల దగ్గర పెట్టే శంకువు బొమ్మ. అందులో ఫ్లూటు ఉంది, ఆర్గన్ ఉంది, మనుషులు వాయించిన డ్రమ్ములున్నాయి. ఆ డ్రమ్మర్లలో ఒకడైన క్లాస్ డింగర్ తర్వాత బయటికి వెళ్ళి మైకేల్ రోథర్‌తో కలిసి ‘నోయ్’ అనే ఇంకో పేరుమోసిన బృందం పెట్టాడు. 1972లో వచ్చిన రెండో ఆల్బంకి డ్రమ్మరే లేడు. ఆ లోటు తీర్చుకోవడానికి రిథమ్ మెషీన్ వాడారు. అంటే తర్వాత ప్రపంచమంతా పాకిపోయిన యంత్రపు తాళం ఈ బృందంలోకి ఓ మనిషి లేని ఖాళీలోంచి వచ్చింది! 1973లో మూడోది, ‘రాల్ఫ్ ఉండ్ ఫ్లోరియాన్’. అందులో సింథసైజర్లు వచ్చాయి, మనిషి గొంతుని యంత్రపు గొంతుగా మార్చే వోకోడర్ వచ్చింది. ఫ్లూటు ఇంకా పోలేదు.

ఈ మూడూ వరసగా వింటే ఒక బృందం తప్పటడుగులు వేస్తూ, దొరికిన వస్తువుతో సర్దుకుంటూ, తనేంటో వెతుక్కుంటూ వెళ్ళిన దారి కనపడుతుంది. ఇవి తీసేసి 1974 నుంచి మొదలుపెడితే ఏమనిపిస్తుందంటే, నలుగురు మరమనుషులు ఒక శుభోదయాన సూట్లు వేసుకుని రెడీమేడ్‌గా దిగొచ్చారనిపిస్తుంది. వాళ్ళకి కావలసిందీ అదే. కానీ నిజానికి ఆటోబాన్‌లో కూడా ఫ్లూటు ఉంది, గిటారు ఉంది. పెట్టెలో ఉన్న మొదటి సీడీయే పెట్టె చెప్పే కథని ఒప్పుకోదు.

ఆటోబాన్ అంటే జర్మనీ హైవే. టైటిల్ పాట ఇరవై రెండు నిమిషాల పైన, అంటే ఎల్పీకి ఒకవైపు మొత్తం అదే. కారు తలుపు వేసిన చప్పుడు, ఇంజను స్టార్టయ్యే చప్పుడు, హారన్‌తో మొదలై అలా సాగిపోతూనే ఉంటుంది. అమెరికాలో రేడియోల కోసం మూడు నిమిషాల చిల్లరకి కత్తిరించి సింగిల్‌గా వదిలితే 1975లో బిల్‌బోర్డ్ పట్టికలో 25వ స్థానం దాకా వెళ్ళింది. నేనుండేది యాప్రాల్‌లో. గచ్చిబౌలి వైపు పనిబడితే శామీర్‌పేట దగ్గర ఔటర్ ఎక్కి మేడ్చల్, దుండిగల్, పటాన్‌చెరు మీదుగా చుట్టు తిరిగి వెళ్ళడం నాకు అలవాటు. కిలోమీటర్లు ఎక్కువైనా సిగ్నళ్ళు ఉండవు. ఆ దారిలో ఈ పాట పెట్టుకుంటే దీని నిడివి ఎందుకంతో అర్థమవుతుంది. మన సినిమా పాటలాగా పల్లవి, చరణం, మళ్ళీ పల్లవి అని ఎక్కడికీ తిరిగిరావాలన్న తొందర లేదు. రోడ్డు అలా ఉంటుంది, పాటా అలా ఉంటుంది. 2009 సీడీని పాత సీడీతో పక్కపక్కన పెట్టి విన్నాను. నా చెవికి కొత్తదాంట్లో బేస్ నిండుగా ఉంది, హిస్ బాగా తగ్గింది. కారులోకి కొత్తదే హాయి. ఇంట్లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినడానికి పాతదే ఇష్టం. అది నా అభిప్రాయం, మీకు నచ్చకపోతే వదిలెయ్యండి.

శబ్దం సంగతి అలా ఉంచితే, అట్టలు కూడా మారాయి. ఆటోబాన్ మొదటి జర్మన్ ఎల్పీ మీద ఎమిల్ షుల్ట్ అనే చిత్రకారుడు వేసిన హైవే బొమ్మ ఉండేది. పెట్టెలో ఉన్నదానికి నీలం మీద తెల్లటి రోడ్డు గుర్తు. రేడియో-యాక్టివిటీ మీద నాజీల కాలంలో ఇంటింటికీ అమ్మిన చవక రేడియో పెట్టె బొమ్మ ఉండేది. ఆ బొమ్మలో బోలెడు చరిత్ర ఉంది. ఒక ప్రభుత్వం తన గొంతు ప్రతి ఇంట్లోకీ ఎలా చేర్చిందో ఆ పెట్టె చెప్తుంది. ఇప్పుడు దాని స్థానంలో అణుధార్మికత హెచ్చరిక గుర్తు. ట్రాన్స్-యూరప్ ఎక్స్‌ప్రెస్ మీద నలుగురి ఫొటో పోయి రైలు బొమ్మ వచ్చింది. 1986లో ‘ఎలక్ట్రిక్ కెఫే’ పేరుతో వచ్చిన ఆల్బం ఏకంగా పేరే మార్చుకుని ‘టెక్నో పాప్’ అయింది.

పోయిన ఫొటోలో ఉన్న నలుగురిలో ఇద్దరు వోల్ఫ్‌గాంగ్ ఫ్లూర్, కార్ల్ బార్టోస్. తాళం వాళ్ళదే. ఫ్లూర్ 1980ల్లో, బార్టోస్ 1990లో బృందం వదిలేశారు. చేత్తో పుల్ల పట్టుకుని తాకితే మోగే ఎలక్ట్రానిక్ డ్రమ్ పలకలకి 1977లో అమెరికాలో పేటెంట్ వచ్చింది. దాని మీద ఉన్న పేర్లు హ్యూటర్, ష్నైడర్. ఆ పలకలు తయారు చేసింది నేనే అని ఫ్లూర్ తన ఆత్మకథలో రాసుకున్నాడు. ఆ పుస్తకం 1999లో జర్మన్‌లో రాగానే కోర్టు గొడవలైనాయి. ఎవరిది నిజమో తేల్చడం నా పని కాదు. కానీ మన ఆఫీసుల్లో కోడ్ రాసినవాడు ఒకడు, స్లైడ్ మీద పేరు ఇంకొకడిది అయిన కథలు విన్న ఎవరికైనా ఇది కొత్తగా అనిపించదు. కోనీ ప్లాంక్ అనే సౌండ్ ఇంజనీర్ సంగతీ అంతే. మొదటి మూడు ఆల్బములకీ అతను సహనిర్మాత. ఆ మూడూ పెట్టె బయటే. కాబట్టి ఈ పెట్టె వరకే తెలిసినవాళ్ళకి ప్లాంక్ ఆటోబాన్ రికార్డు చేసిన ఇంజనీరు మాత్రమే. పెట్టె వచ్చేనాటికి ష్నైడర్ కూడా బృందం వదిలేశాడు, 2020లో చనిపోయాడు. పెట్టెకి యజమానిగా మిగిలింది ఒక్క హ్యూటర్.

ఇక్కడ ఆయన వైపు న్యాయం కూడా చెప్పాలి. తన సొంత పని, ఏది అమ్మాలో ఏది వద్దో ఆయనిష్టం. ఇరవై ఏళ్ళప్పుడు రాసిన కోడ్ ఇప్పుడు ఎవరికైనా చూపించమంటే నేనూ సిగ్గుపడతాను. పైగా ఆయన అన్నీ దాచేయలేదు. రేడియో-యాక్టివిటీ పాట 1975లో అణుశక్తి మంచిదో చెడ్డదో ఎటూ చెప్పదు. 1991లో దాన్ని మళ్ళీ చేసినప్పుడు చెర్నోబిల్, హిరోషిమా పేర్లు చేర్చి, ఆపండి అనే మాట కలిపి సూటిగా వ్యతిరేకంగా మార్చేశారు. ఆ రెండు రూపాలూ ఈ పెట్టెలో ఉన్నాయి, ఒకటి రెండో సీడీలో, ఇంకోటి ఏడో సీడీలో. మనసు మార్చుకున్నవాడు పాత మాటని చెరిపెయ్యకుండా పక్కనే కొత్తమాట రాసినట్టు. నాకు ఈ పెట్టెలో అన్నిటికంటే నచ్చిన విషయం అదే. మొదటి మూడింటికి కూడా ఆ మర్యాద దక్కి ఉంటే బాగుండేది.

అదీగాక టేపుల్ని జాగ్రత్త చేసినవాడికే ఈ హక్కు. ఆటోబాన్‌కి యాభయ్యేళ్ళు నిండాక 2025లో మల్టీట్రాక్ టేపులు బయటికి తీసి చుట్టూ స్పీకర్లతో వినే ఆట్మాస్ మిక్స్ చేశారు. యాభయ్యేళ్ళ తర్వాత కూడా సోర్స్ కోడ్ ఉంది, అది నడుస్తోంది! మన దగ్గర ఎన్ని పాటలకి ఆ మాట చెప్పగలం?

మన దగ్గర అంటే, ఇండియాలో ఎలక్ట్రానిక్ సంగీతం క్రాఫ్ట్‌వెర్క్ కంటే ముందే మొదలైంది. అహ్మదాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ ఉంది కదా, 1961లో పెట్టినది, దాని వెనక గౌతమ్ సారాభాయ్, గీరా సారాభాయ్ ఉన్నారు. 1969లో అమెరికన్ సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ అక్కడికి వచ్చి ఒక మూగ్ మాడ్యులర్ సింథసైజర్, టేపు రికార్డర్లతో స్టూడియో ఏర్పాటు చేశాడు. అప్పటికి క్రాఫ్ట్‌వెర్క్ అనే పేరే పుట్టలేదు. 1969 నుంచి 1972 దాకా గీతా సారాభాయ్, ఐ.ఎస్. మాథుర్, అతుల్ దేశాయ్, ఎస్.సి. శర్మ, జిన్‌రాజ్ జోషీపురా అక్కడ పని చేశారు. గీతా సారాభాయ్ 1946లోనే న్యూయార్క్ వెళ్ళి జాన్ కేజ్ దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకుని, ఆయనకి మన సంగీతం నేర్పిన మనిషి.

ఈ కుటుంబానికీ మా పేటకీ ఒక దూరపు చుట్టరికం ఉంది. గౌతమ్, గీరా, గీతలకి సొంత అన్నదమ్ముడు విక్రమ్ సారాభాయ్. ఆ మూగ్ అహ్మదాబాద్ చేరిన 1969లోనే ఆయన ఇస్రో మొదలుపెట్టాడు. అంతకుముందు 1966 నుంచే అణుశక్తి సంఘానికి అధ్యక్షుడు. ఆ శాఖ కింద 1967లో హైదరాబాద్‌లో పెట్టిందే ఈసీఐఎల్. దాన్ని నిలబెట్టింది పశ్చిమగోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు గారు. మా యాప్రాల్ నుంచి సైనిక్‌పురి దాటి వెళ్తే వచ్చే ఏ.ఎస్. రావు నగర్ ఆయన పేరే. ట్రాంబేలో రూపకల్పన చేసిన టీడీసీ-12 కంప్యూటరుని తయారుచేసి అమ్మింది ఈ ఈసీఐఎలే. అంటే ఒకే కాలంలో, ఒకే ఇంటి మనుషుల చుట్టూ, ఇటు కంప్యూటరు, అటు సింథసైజరు. కంప్యూటర్ల కథ వీధి పేర్లలో, ప్రభుత్వ కాగితాల్లో, రిటైరైన తాతగార్ల నోళ్ళలో నిలబడింది. మూగ్ కథ మాత్రం టేపు పెట్టెల్లో పడుకుండిపోయింది.

దాదాపు నలభై అయిదేళ్ళ తర్వాత పాల్ పుర్గస్ అనే బ్రిటన్ కళాకారుడు ఆ సంస్థ భాండారంలో ఈ టేపుల్ని వెతికి పట్టుకున్నాడు. 2023లో ‘ద ఎన్‌ఐడీ టేప్స్’ అన్న పేరుతో సంకలనంగా వచ్చాయి. జోషీపురా ‘స్పేస్ లైనర్ 2001’ లాంటివి వింటే ఇది మన దేశంలో 1970 ప్రాంతంలో చేశారా అని నోరెళ్ళబెట్టాలి. గమనించండి, ఇక్కడ పెట్టె వేసినవాడు యజమాని కాదు, బయటి మనిషి. మెరుగుపెట్టి ఇమేజి కాపాడుకోవలసిన అవసరం ఎవరికీ లేదు. అందుకే పూర్తయిన రచనల పక్కనే ప్రయోగాలూ దొర్లాయి. క్రాఫ్ట్‌వెర్క్ పెట్టెలో లేనిది సరిగ్గా అదే.

ఇంకొకాయన ఉన్నాడు, చరణ్‌జీత్ సింగ్. బొంబాయి సినిమా స్టూడియోల్లో వాయించిన సెషన్ కళాకారుడు. 1982లో రోలాండ్ కంపెనీ జూపిటర్-8, టీఆర్-808, టీబీ-303 యంత్రాలు మూడూ పెట్టుకుని పది హిందుస్తానీ రాగాలని డిస్కో తాళంలో వాయించాడు. యమన్ ఉంది, అంటే మన కల్యాణికి దగ్గరిది. మాల్‌కౌన్స్ ఉంది, అదే మన హిందోళం. కళావతి ఉంది, మన వలజి. టీబీ-303 అనేది బేస్ గిటారు లేనివాళ్ళకోసం చేసిన చిన్న పెట్టె. అందులో ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారే సౌకర్యం ఉంది. గిటారు అనుకుని కొన్నవాళ్ళకి అది గిటారులా వినపడక ఎక్కువ అమ్ముడవలేదు, 1984లో తయారీ ఆపేశారు. కానీ రాగం తెలిసినవాడి చేతిలో ఆ జారుడు ఎంతో కొంత గమకంలా పనికొచ్చింది. ఐదేళ్ళ తర్వాత 1987లో షికాగో కుర్రాళ్ళు అదే పెట్టెతో ఆసిడ్ హౌస్ అనే కొత్త రకం సంగీతం మొదలుపెట్టారు. వాళ్ళకి ఈయన సంగతి తెలీదు, ఈయనకి వాళ్ళ సంగతి తెలీదు. హెచ్‌ఎంవీ వేసిన ఆ ఎల్పీని ఎవరూ పట్టించుకోలేదు. 2002లో ఎడో బౌమన్ అనే డచ్ రికార్డుల సేకర్తకి ఢిల్లీలో ఒక కాపీ దొరికింది. 2010లో ఆయనే మళ్ళీ విడుదల చేశాడు. అప్పుడు యూరప్ వాళ్ళు ఈయన్ని నెత్తిన పెట్టుకున్నారు. డెబ్భై దాటిన వయసులో అక్కడ కచేరీలు చేసి, 2015లో చనిపోయాడు.

ఈ కథ చదివినవాళ్ళంతా పాశ్చాత్యులకంటే ముందే మనవాడు కనిపెట్టేశాడు అని చొక్కా కాలరు ఎగరేస్తారు. నాకు అందులో పెద్దగా ఆనందం లేదు. నాకు తోచేది ఇంకోటి. ఆయన దశాబ్దాలపాటు వాయించిన సినిమా పాటల అట్టల మీద ఆయన పేరు లేదు. సొంతంగా ఒక ఎల్పీ వేసుకున్నాడు కాబట్టి, దాని మీద పేరు ఉంది కాబట్టి, వెతికేవాడికి ఒక కొస దొరికింది. ఆ ఒక్క ఎల్పీ లేకపోతే చరణ్‌జీత్ సింగ్ లేడు.

ఇప్పుడు తెలుగు దగ్గరికి రండి. ఎ.ఆర్. రెహమాన్ సంగీత దర్శకుడు కాకముందు దిలీప్ అనే పేరుతో రాజ్-కోటి, రమేశ్ నాయుడు లాంటివాళ్ళ దగ్గర కీబోర్డు వాయించాడని అందరికీ తెలుసు. మణిశర్మ కూడా దర్శకుడు కాకముందు కీబోర్డు వాయించినవాడే. ఎనభైల చివర్లో మనం ఊగిపోయిన పాటల్లో ఆ సింథసైజర్ ముక్కలు వీళ్ళలో ఎవరు వాయించారు? ఆ ధ్వని ఎవరు తయారు చేశారు? క్యాసెట్ ఇన్లే కార్డు తీసి చూడండి. సంగీతం ఫలానా, పాడినవారు ఫలానా, రచన ఫలానా. అక్కడితో సరి. రెహమాన్ రెహమాన్ అయ్యాడు కాబట్టి వెనక్కి తిరిగి చూసి ‘అప్పుడు ఇతనూ ఉన్నాడట’ అనుకుంటున్నాం. ఆ గదిలోనే పక్కన కూర్చుని వాయించి, ఏమీ అవ్వకుండా ఇంటికెళ్ళిన మిగతావాళ్ళ సంగతి? హ్యూటర్ ఫ్లూర్‌ని అట్ట మీంచి తీసేశాడని ఇందాక అంత గొంతు చించుకున్నాను. తీసెయ్యడానికైనా ముందు ఒకసారి పెట్టాలి కదా. మనం అసలు పెట్టనే లేదు.

అంటే చరిత్ర పోయే దార్లు రెండన్నమాట. ఒకటి, యజమాని గట్టివాడై తనకి నచ్చినట్టు సర్దుకోవడం. రెండోది, యజమానికి పట్టకపోవడం. మొదటిదానికి విరుగుడు ఉంది. క్రాఫ్ట్‌వెర్క్ మొదటి మూడు ఆల్బములు ఎల్పీలుగా అచ్చయ్యాయి, వేల ఇళ్ళలో ఉన్నాయి, హ్యూటర్ కాదన్నా అవి ఎక్కడికీ పోవు. రెండోదానికి విరుగుడు లేదు. డెబ్భైలు, ఎనభైల్లో తయారైన కొన్ని రకాల టేపుల్లో అయస్కాంతపు పొడిని పట్టి ఉంచే జిగురు గాల్లో తేమ పీల్చుకుని జిడ్డుగా మారిపోతుంది. అలాంటి టేపుని అలాగే తిప్పితే పొర ఊడి చేతికొస్తుంది. యాభై డిగ్రీల చిల్లర వేడిలో కొన్ని గంటలపాటు సన్నగా కాల్చి, ఆ కాస్త వ్యవధిలో డిజిటల్‌లోకి ఎక్కించుకోవాలి. ఇది చెయ్యగలిగిన విద్యే, చేస్తున్నవాళ్ళూ ఉన్నారు. కానీ ముందు ఆ టేపు పారెయ్యకుండా ఉండాలి, దాని మీద ఏముందో ఎవరో రాసి ఉండాలి.

యూట్యూబులో ‘ఫుల్ హెచ్‌డీ డిజిటల్ రీమాస్టర్డ్’ అని పెట్టే పాత తెలుగు పాటల్లో చాలావాటి ఆడియో ఎక్కడిదో గమనించారా? మాస్టర్ టేపు దాకా వెళ్ళినట్టు చెప్పే ముక్క ఒక్కటీ ఉండదు. ఉన్న సీడీ నుంచో క్యాసెట్ నుంచో తీసి, బేస్ పెంచి, నకిలీ స్టీరియో చేసి పెట్టేస్తారు. అది రీమాస్టర్ కాదు, జెరాక్స్ కాపీకి రంగులు వెయ్యడం. జెరాక్స్‌కి ఎన్ని రంగులేసినా అసలు కాగితంలో ఉన్నది రాదు.

నా కోరిక పెద్దదేం కాదు. తెలుగులో ఒక గొప్ప రీమాస్టర్ బాక్స్ సెట్ రావాలని నేనూ అనుకుంటాను గానీ, దానికి హక్కులు, డబ్బు, టేపులు కావాలి. అవి మన చేతుల్లో లేవు. మన చేతిలో ఉన్నది పేర్లు రాయడం. డెబ్భైల్లో, ఎనభైల్లో మద్రాసు స్టూడియోల్లో ఆర్గన్, సింథసైజరు, రిథమ్ మెషీన్ వాయించినవాళ్ళలో చాలామందికి ఇప్పుడు డెబ్భై దాటి ఉంటాయి. వాళ్ళ పిల్లలూ మనవలూ మనలాగే ఐటీలో ఉండి ఉంటారు, మన పక్క క్యూబికల్‌లోనే ఉండి ఉండొచ్చు. మీ మావయ్యగారో, మీ అపార్ట్‌మెంటులో పెద్దాయనో అలాంటివాళ్ళైతే ఒక ఆదివారం ఫోన్ రికార్డర్ ఆన్ చేసి కూర్చోండి. ఏ పాటకి వాయించారు, ఏ యంత్రం, ఎవరిది, ఎంతకి కొన్నారు, ఎవరు నేర్పారు, పక్కన ఎవరు కూర్చున్నారు అని అడగండి. ఆ ఫైలు ఇంకో ఇద్దరికి పంపి ఉంచండి. అప్పుడు రేపెప్పుడైనా ఎవరో టేపులు దొరికాయంటే పెట్టె మీద రాయడానికి పేర్లైనా ఉంటాయి.